పక్కనెన్ పెట్టెలోకి వచ్చిన కథ

ఆగస్టు నెల, మధ్యాహ్నం. ఫిన్లాండ్‌లోని ఎస్పోలో మా అపార్ట్‌మెంటు మెట్ల దగ్గర పక్కింటి పెద్దావిడ ఎదురై నా చేతిలో ఒక ప్లాస్టిక్ డబ్బా పెట్టారు. దాన్నిండా ముస్తిక్క. అంటే ఇక్కడి అడవుల్లో నేలబారుగా కాసే చిన్న నల్లటి బెర్రీలు. పొద్దున్నే వెళ్ళి స్వయంగా ఏరుకొచ్చారట. తినగా మిగిలినవి ఏం చెయ్యాలో కూడా ఆవిడే చెప్పారు: "లైత పక్కసేన్."

నేను ఫిన్లాండ్ వచ్చి అప్పటికి ఒక్క చలికాలమే గడిచింది. భాష క్లాసులో నేర్చుకున్న మాటల్లో ‘పక్కనెన్’ ఒకటి. మొదటిసారి విన్నప్పుడు "పక్కనే" అన్నట్టు వినిపించింది, అందుకే మర్చిపోలేదు. ఆ మాటకి అర్థం నీళ్ళు గడ్డకట్టేంత చలి. ‘పక్కసేన్’ అంటే ఆ చలిలోకి. "చలిలో పెట్టు" అంటున్నారావిడ. నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఎండ కాస్తోంది. పిల్లలు చొక్కాలు విప్పేసి సైకిళ్ళు తొక్కుతున్నారు. ఈ ఎండలో ఏ చలిలో పెట్టమంటారు? అడిగే ధైర్యం లేక తల ఊపి ఇంట్లోకి వచ్చేశాను.

రాత్రి మా అమ్మాయి చెప్పింది, బడిలో పిల్లలందరూ అలాగే అంటారని. ఫ్రీజర్‌నే ఇక్కడి జనం మామూలు మాటల్లో పక్కనెన్ అంటారు. మాంసం బయటికి తీస్తే "చలిలోంచి తీశాను" అంటారు. బెర్రీలు లోపల పెడితే "చలిలో పెట్టాను" అంటారు. డిసెంబరులో తలుపు తీస్తే మొహానికి కొట్టే చలికీ, వంటింటి మూలనున్న తెల్ల పెట్టెలో ఉండేదానికీ ఒకటే పేరు.

ఆ రోజు నుంచి ఈ మాట నన్ను వదల్లేదు. ఏళ్ళ తరబడి దీని గురించి ఎవరు దొరికితే వాళ్ళని అడుగుతూ, డిక్షనరీలు తిరగేస్తూ వచ్చాను. కొత్త వస్తువుకి పేరు పెట్టడం గురించి నాకు తెలిసినదంతా దాదాపు దీని దగ్గరే నేర్చుకున్నాను. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు పక్కనెన్ సంగతి. ఇక్కడ మైనస్ ఇరవై అని కూడా అంటారు గానీ, ఎక్కువగా వినిపించేది "ఇరవై డిగ్రీల పక్కనెన్ ఉంది" అన్న మాట. కుండలో ఇన్ని నీళ్ళున్నాయి అన్నట్టు, బయట ఇంత చలి ఉంది అని చెప్తారు. సున్నా కింద ఏమీ లేకపోవడం కాదు, అక్కడ ఇంకో సరుకు ఉంది, దాన్ని కొలుస్తారు. బ్యాంకు ఖాతాలో డబ్బు అయిపోయి అప్పులోకి వెళ్తే "ఖాతా పక్కసెల్ల" అంటారు, ఖాతా చలిలో ఉందని. నెలాఖరున ఆ మాట విన్నప్పుడు నాకు నిజంగానే ఒళ్ళు జలదరించేది.

ఫిన్నిష్ జనం పాటల్లో పక్కనెన్ ఒక మనిషి. లోన్‌రోట్ అనే ఆయన ఊరూరా తిరిగి సేకరించి కూర్చిన కలేవల కావ్యంలో, 1849 నాటి పూర్తి రూపంలో ముప్ఫయ్యో పాటలో వస్తాడు. ఉత్తర దేశపు దొరసాని, కావ్యంలోని వీరుల్లో ఒకడైన లెమ్మిన్‌కైనెన్ ఓడని సముద్రం మధ్యలో గడ్డకట్టించమని పక్కనెన్‌ని పంపుతుంది. లెమ్మిన్‌కైనెన్ భయపడడు. "నీ పుట్టుక నాకు తెలుసు" అని మొదలుపెట్టి వాడి చరిత్రంతా విప్పుతాడు. వాణ్ణి పెంచింది పాము, ఊపింది ఉత్తరపు గాలి, చాలాకాలం పేరే లేదు, ఆ తర్వాతే పక్కనెన్ అని పేరు పెట్టారు అని చెప్తాడు. ఒకదాని పుట్టుక, పేరు తెలిస్తే దాన్ని లొంగదీసుకోవచ్చన్నది ఆ పాటల నమ్మకం. ఈ పాట చదివాక ఫ్రీజర్ తలుపు తీసినప్పుడల్లా నాకు లెమ్మిన్‌కైనెనే గుర్తొస్తాడు.

అయితే ఫిన్నిష్‌లో చలికి ఈ ఒక్క పేరే లేదు. పంట మీద పడే చలికి వేరే మాట ఉంది, ‘హల్ల’. వేసవి రాత్రుల్లో ఉన్నట్టుండి వచ్చి, పొద్దున్నకల్లా రై చేలనీ బార్లీ చేలనీ మాడ్చి వెళ్ళిపోతుంది. 1867 సెప్టెంబరు మొదట్లో అలాగే వచ్చింది. ఆ మరుసటి ఏడు, 1868లో, దేశంలో దాదాపు 8 శాతం మంది ఆకలితోనూ దాని వెనకాలే వచ్చిన జబ్బులతోనూ చనిపోయారు. పైన్ చెట్టు బెరడు పిండి కొట్టి రొట్టెలో కలుపుకుని తిన్న రోజులవి. ఒకే చలికి రెండు ముఖాలు, రెండు పేర్లు. హల్ల తిండిని చంపుతుంది. పక్కనెన్ వేటాడి తెచ్చిన మాంసాన్నీ, మంచుకి కన్నం పెట్టి పట్టిన చేపనీ వసంతం దాకా కాపాడుతుంది. కొత్త పెట్టెకి పేరు కావలసి వచ్చినప్పుడు వీళ్ళు ఈ రెండోదాన్ని తీసుకున్నారు. ఎవరూ కూర్చుని ఆలోచించి ఉండకపోవచ్చు. నాలుకకే తెలుసు ఏది ఏదో.

కానీ మొదట్లో ఈ మాట కాదు. తొలిరోజుల్లో ఫిన్నిష్‌లో వాడింది ఒక పెద్ద సమాసం: స్యువయాద్యుత్యుస్. ‘స్యువ’ అంటే లోతు. ‘యా’ అంటే మంచుగడ్డ, దాన్నుంచి వచ్చిన ‘యాద్యుత్యుస్’ అంటే గడ్డకట్టించడం. రెండూ కలిపి లోతుగా గడ్డకట్టించడం. ఎక్కడో విన్నట్టుంది కదా? డీప్ ఫ్రీజ్. స్వీడిష్ వాళ్ళు యూప్‌ఫ్రూసా అంటారు, ‘యూప్’ అంటే లోతు. జర్మన్లు టీఫ్‌గెఫ్రోరెన్ అంటారు, ‘టీఫ్’ అన్నా లోతే. ఫిన్నిష్ సమాసంలో రెండు ముక్కలూ సొంతవే, అతుకు మాత్రం ఇరుగుపొరుగు భాషలది. పక్కవాడి ఇంటి ప్లాను తీసుకుని మన ఇటుకలతో కట్టుకున్నట్టు. కట్టొచ్చు, తప్పేం లేదు, కానీ కిటికీలు ఎటు తెరుచుకోవాలో నిర్ణయించేది ఆ ప్లానే.

ఇక్కడే నా వాదన మొదలవుతుంది. ఆ లోతు దేనికి? ఏం లోతు? థర్మామీటరులో పాదరసం కిందికి దిగుతుంది, కాబట్టి లోతు. అంతకు మించి తిండికీ లోతుకీ సంబంధం లేదు. ఆహారాన్ని ఇలా నిలవ చేసే పద్ధతిలో అసలు సంగతి వేగం. సున్నాకి కాస్త కింద, సుమారు మైనస్ ఒకటికీ మైనస్ అయిదుకీ మధ్య, తిండిలోని నీళ్ళలో ఎక్కువ భాగం గడ్డకడుతుంది. ఆ మెట్టు దగ్గర ఆలస్యం చేస్తే పెద్ద పెద్ద మంచు పలుకులు పెరిగి, లోపలి కణాల గోడల్ని చీల్చేస్తాయి. కరిగించినప్పుడు రసమంతా కారిపోయి, చేప పీచుపీచుగా తేలుతుంది. ఆ మెట్టుని చకచకా దాటించేస్తే పలుకులు చిన్నవిగా ఉంటాయి, తిండి తిండిలాగే మిగులుతుంది.

ఇది లోకానికి చాటినవాడు క్లారెన్స్ బర్డ్స్‌ఐ అనే అమెరికన్. 1912లో బొచ్చు వ్యాపారం మీద ఇప్పటి కెనడాలోని లాబ్రడార్ వెళ్ళి కొన్నేళ్ళు ఉన్నాడు. అక్కడి ఇనుయిట్ జనం మంచు కింద నుంచి చేపని లాగగానే, ఎముకలు కొరికే గాలికి అది క్షణాల్లో బిగుసుకుపోవడం చూశాడు. నెలల తర్వాత వండుకున్నా అది తాజా చేపలాగే ఉంది. ఆ గాలి చేసిన పనిని యంత్రంతో చేయించాలని తిరిగొచ్చాక ఏళ్ళ తరబడి తంటాలు పడ్డాడు. చలువ పలకల మధ్య పొట్లాలు నొక్కి గడ్డకట్టించే యంత్రాలు తయారుచేశాడు. 1930లో మసాచుసెట్స్ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఆ పొట్లాలు దుకాణాలకి వచ్చాయి.

అంటే ఈ పెట్టెకి గురువు బయటి చలే. యంత్రం ఉత్తరపు గాలిని నకలు చేసింది. "లోతుగా గడ్డకట్టించు" అన్న మాటలో ఈ చుట్టరికం ఎక్కడా కనబడదు. "చలిలో పెట్టు" అన్న మాటలో మొత్తం కథ ఉంది. ఫిన్నిష్ వాళ్ళకి లాబ్రడార్ కథ తెలిసి ఈ మాట ఎంచుకున్నారని నేను అనడం లేదు. వాళ్ళ పెరట్లోనూ అదే గాలి వీచింది, అంతే.

మాట మారిన తీరు కూడా చూడండి. ఫిన్నిష్‌లో ‘పకస్తా’ అని ఒక క్రియ ముందే ఉంది. "రాత్రికి పకస్తా" అంటే రాత్రికి గడ్డకట్టే చలి పడుతుంది అని. ఎవరు చేస్తున్నారు? ఎవరూ లేరు. మనం "ఉక్కపోస్తోంది" అన్నప్పుడు పోసేది ఎవరంటే ఏం చెప్తాం? అలాంటి క్రియ. ఇప్పుడు దానికి కర్త వచ్చాడు. "నేను బెర్రీలు పకస్తా చేస్తాను." ఆకాశం చేసే పనిని మనిషి చేతికి ఇచ్చారు. కొత్తగా ఏ ముక్కా అతికించకుండా, ఉన్న క్రియకే ఒక మనిషిని తోడిచ్చి సరిపెట్టారు. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత పెద్ద పని జరగడం భాషల్లో నేను ఎక్కువగా చూడలేదు.

అక్కణ్ణుంచి పిల్లలు పుట్టుకొచ్చాయి. పనిముట్టుని సూచించే ‘ఇన్’ చేరిస్తే పకస్తిన్, అంటే ఫ్రీజర్. టెలిఫోన్‌కి పుహెలిన్ అన్నదీ ఈ ప్రత్యయంతోనే, మాట్లాడుకోవడం అనే క్రియ నుంచి. ఫలితాన్ని సూచించే ‘ఎ’ చేరిస్తే పకస్తె, గడ్డకట్టించిన ఆహారం. చోటుని సూచించే ‘మొ’ చేరిస్తే పకస్తమొ. ఇళ్ళకి ఫ్రీజర్లు రాకముందు, 1950లలో పల్లెల్లో కొన్ని కుటుంబాలు కలిసి ఉమ్మడిగా అలాంటిది పెట్టుకునేవి. ఇంటికొక అర, అరకొక తాళం. అడవిదుప్పి మాంసం, బెర్రీలు, చేపలు అన్నీ అక్కడే. ఇప్పుడు సూపర్ మార్కెట్లో ఆ వరస మీద పెద్ద అక్షరాలతో ‘పకస్తేత్’ అని రాసి ఉంటుంది. స్యువయాద్యుత్యుస్‌కి ఇంత సంతానం లేదు. ఆ సమాసానికి పనిముట్టు ప్రత్యయం చేర్చి పలికి చూడండి, నోరు అలిసిపోతుంది. ఇప్పుడు ఆ మాట పాతకాలపు కాగితాల్లో కనబడే మాటలా వినిపిస్తుంది.

నాకు బాగా నచ్చిన సాక్ష్యం ఒక చట్టం. ఇలాంటి ఆహారం గురించి యూరోపియన్ యూనియన్ దేశాలన్నిటికీ కలిపి ఒక ఆదేశం ఉంది, సంఖ్య 89/108. తిండిని ఆ మంచు పలుకుల మెట్టు వీలైనంత త్వరగా దాటించాలి, ఆ తర్వాత మైనస్ 18 డిగ్రీలు లేదా అంతకన్నా చల్లగా ఉంచాలి అని అందులో నియమం. ఒకే నియమం, అన్ని భాషల్లోనూ అచ్చయింది. ఇంగ్లీషు ప్రతి దాన్ని "త్వరగా గడ్డకట్టించిన" ఆహారం అంటుంది. జర్మన్, స్వీడిష్ ప్రతులు "లోతుగా" అంటాయి. స్పానిష్ వాళ్ళు ఉల్ట్రాకోన్హెలాదో, అంటే అతిగా గడ్డకట్టించినది అంటారు. ఫ్రెంచ్ వాళ్ళు సూర్‌జెలే, మామూలుని మించి గడ్డకట్టించినది అంటారు. ఒకరు వేగం, ఒకరు లోతు, ఒకరు అతి. అందరూ గడ్డకట్టడం అనే పాత మాటకి ముందు ఒక విశేషణం తగిలించారు. ఫిన్నిష్ ప్రతిలో ఏ విశేషణమూ లేదు. పకస్తె. చిన్న మాట, ఒంటరిగా నిలబడింది.

ఇంగ్లీషు మాటే శాస్త్రానికి దగ్గర కదా అని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను. వేగం అన్నది అసలు సంగతి అని పైన నేనే రాశాను. పకస్తెలో వేగమూ లేదు, మైనస్ 18 కూడా లేదు. కానీ నిర్వచనం మొయ్యడం మాట పని కాదు. నిర్వచనం చట్టం మోస్తుంది, పొట్లం మీది లేబుల్ మోస్తుంది. మాట చెయ్యాల్సింది వంటింట్లో వేళ్ళు తడిగా ఉన్నప్పుడు, పిల్ల ఏడుస్తున్నప్పుడు నోటికి రావడం. "త్వరగా గడ్డకట్టించిన బఠాణీలు తీసుకురా" అని ఏ ఇంట్లోనూ అనరు. ఇంగ్లీషు వాళ్ళూ అనరు, ఫ్రోజెన్ అనేసి ఊరుకుంటారు. చట్టంలో ఒక మాట, ఇంట్లో ఒక మాట. ఫిన్నిష్‌లో రెండుచోట్లా ఒకటే. దీని విలువ లెక్కగట్టడం నాకు చేతకాదు, కానీ మా పక్కింటి పెద్దావిడకి చట్టం చదివితే అర్థమవుతుంది.

ఇది వట్టి భాషాభిమానం, పరాయి మాటలంటే గిట్టకపోవడం అనే వాళ్ళు కూడా ఉన్నారు. అలా అనుకుంటే ఎస్టోనియాని చూడాలి. ఫిన్నిష్‌కి తోబుట్టువులాంటి భాష వాళ్ళది. చలికి వాళ్ళ దగ్గర కూడా అదే మాట ఉంది, పకనె. అయినా ఫ్రీజర్‌ని వాళ్ళు సూగవ్‌క్యుల్మిక్ అంటారు. ‘సూగవ్’ అంటే లోతు. సొంత మాట చేతిలో ఉన్నా జర్మన్ల దారిలో వెళ్ళారు, వాళ్ళకి అది బాగానే నడుస్తోంది. సొంత వేరు ఉండగానే సరిపోదు, దాన్ని చేతిలోకి తీసుకోవాలన్న కోరిక కూడా ఉండాలి. ఇంకోపక్క ఫిన్నిష్ వాళ్ళు అరటిపండుని బనాని అనీ, కాఫీని కహ్వి అనీ హాయిగా అంటారు. అరటిచెట్టు వాళ్ళ పెరట్లో లేదు. చలి ఉంది. ఉన్నదాన్ని వాడుకున్నారు, లేనిదాన్ని తెచ్చుకున్నారు. దీన్ని గిట్టకపోవడం అని ఎలా అంటాం?

తమాషా ఏమిటంటే, సమాసాన్ని వదిలించుకున్న ఈ మాట మళ్ళీ సమాసాల్లోకే వెళ్ళింది, ఈసారి పెద్దరికంతో. పకస్తెకుయ్వౌస్ అన్నది అందులో ఒకటి. ‘కుయ్వౌస్’ అంటే ఎండబెట్టడం, ఆరబెట్టడం. గడ్డకట్టించి ఆరబెట్టే పద్ధతి ఇది, ఇన్‌స్టంట్ కాఫీ పలుకులు, కొండలెక్కేవాళ్ళ తిండి పొట్లాలు ఇలాగే చేస్తారు. ముందు తిండిని గడ్డకట్టించి, తర్వాత గాలి దాదాపు లేని గదిలో పెడతారు. అక్కడ మంచు నీళ్ళు కాకుండానే ఆవిరైపోతుంది. దీనికి ఇంకో పేరు కూడా ఉంది, క్యుల్మకుయ్వౌస్, అంటే చల్లగా ఆరబెట్టడం. అదే ఎక్కువ మంది వాడతారు. నేను మాత్రం మొదటిదాని వైపే. చల్లగా ఆరబెట్టడం అంటే ఫ్రిజ్‌లో మూత లేకుండా వదిలేసిన చపాతీ కూడా ఆ కిందికే వస్తుంది. ముందు పకస్తె అవ్వాలి, అప్పుడు ఆరాలి. ఆ వరస మొదటి మాటలో ఉంది. ఇక్కడి ఆడవాళ్ళకి ఇదేం కొత్త కాదు కూడా. గడ్డకట్టే చలిలో దుప్పట్లు బయట ఆరేస్తారు. అవి కాసేపటికి అట్టలా బిగుసుకుపోతాయి, విరిచేస్తే విరిగేలా ఉంటాయి. సాయంత్రానికి చూస్తే ఆరిపోయి, మెత్తగా, ఒక రకం శుభ్రమైన వాసనతో ఉంటాయి. నేను మొదటిసారి ఆరేసినప్పుడు దుప్పటి పాడైపోయిందని టెన్షన్ పడి లోపలికి తెచ్చేశాను. కరిగి గదంతా తడి.

ఇదంతా ఒకసారి ఫోన్‌లో మా అమ్మకి చెప్పాను. మాది భీమవరం పక్క. అమ్మకి ఫ్రీజర్ అంటే రొయ్యలు. మా చుట్టుపక్కల ప్లాంట్లలో రొయ్యల తలలు తీసి, వలిచి, ఫ్రీజింగ్‌కి పంపే పనికి వెళ్ళే ఆడవాళ్ళు చాలామంది. అమ్మ అంతా విని, "మనకి అంత చలేదే అమ్మలూ, మాటెక్కణ్ణుంచి వస్తుంది?" అంది. నిజమే. లంబసింగిలో పొద్దున్నే మంచు పడిందని పేపర్లో ఫోటో వేసే నేల మనది. సున్నా కింద చలికి తెలుగులో ఇంటి మాట లేకపోవడం లోటు కాదు, వాతావరణం.

"మనకి ఎండుందిలే" అని అమ్మే మళ్ళీ అంది. అప్పుడు వెలిగింది నాకు. ఎండబెట్టడం! మనం చేసిందీ అదే పని. ఆకాశంలో ఉన్న ఎండని తీసుకుని తిండి మీద పెట్టాం. ఎండుమిర్చి, ఎండుచేప, ఎండబెట్టిన వడియాలు. ఇప్పుడు కరెంటు డ్రయ్యర్లో పెట్టినా, ఎండ ముఖం చూడకపోయినా "డ్రయ్యర్లో ఎండబెట్టారు" అనే అంటాం. మన ఎండ కూడా పెట్టెలోకి వెళ్ళింది, పేరు మార్చుకోకుండా. పక్కనెన్ కథ నాకు అంత దగ్గరగా ఎందుకు అనిపించిందో ఆ ఫోన్‌లో తెలిసింది. చలికి కూడా మన దగ్గర ఒక క్రియ ఉంది, పేరుకోవడం. జనవరిలో నెయ్యి పేరుకుంటుంది, కొబ్బరినూనె పేరుకుంటుంది. మన చలికి సరిపడా మాట అది. రొయ్యల ప్లాంటు దాకా దాన్ని ఎవరూ తీసుకెళ్ళలేదు. "ఘనీభవించిన ఆహారోత్పత్తులు" అని రాసేవాళ్ళకి అది గుర్తురాలేదేమో అని నాకు బాధగా ఉంటుంది. గుంటూరు మిర్చి యార్డులో శీతల గిడ్డంగి అన్న మాటని పేపరుకి వదిలేసి, కోల్డ్ స్టోరేజీలోంచి వచ్చిన సరుకుని ‘ఏసీ కాయ’ అంటారు. రెండు అక్షరాల ఇంగ్లీషు, ఒక తెలుగు కాయ. అది బతికున్న మాట. నేను దాన్ని గిడ్డంగి కన్నా ఎక్కువ గౌరవిస్తాను, ఎందుకంటే అది పని చేసేవాళ్ళ నోట్లో పుట్టింది.

పోయిన ఆగస్టులో పెద్దావిడ ఏరడానికి వెళ్ళలేకపోయారు, మోకాళ్ళు. ఈసారి మేమే వెళ్ళాం. నాలుగు లీటర్ల ముస్తిక్క, కొద్దిగా పువొలుక్క. ఆ ఎర్ర బెర్రీని ఫ్రీజర్‌లో పెట్టక్కర్లేదు, దానిలోనే నిలవ ఉంచే ఆమ్లం ఉంది, చిదిమి సీసాలో పెడితే చాలని ఆవిడే నేర్పారు. ముస్తిక్కలో సగం ఆవిడకి ఇచ్చి వచ్చాం. నేను స్నానం చేసి వంటింట్లోకి వచ్చేసరికి గిన్నెలు కడిగి బోర్లించి ఉన్నాయి, డబ్బాలు కనబడలేదు. ఎక్కడ పెట్టావని అడిగితే మా అమ్మాయి పుస్తకంలోంచి తల ఎత్తకుండా జవాబిచ్చింది:

"అన్నీ పకస్తించేశానమ్మా."